అడ్డపొగ: ఉత్తరాంధ్ర పల్లెలు ప్రపంచ వైద్యానికి నేర్పిన పాఠం

మన మహాసభల సావనీర్లలో తెలుగువారి చరిత్ర మీద వ్యాసాలకు లోటు ఉండదు. శాతవాహనులు, కాకతీయులు, శ్రీకృష్ణదేవరాయలు, స్వాతంత్ర్య సమరయోధులు, నాటి సినిమా మహానటులు అందరి గురించీ చదువుకుంటూనే ఉన్నాం. వైద్యరంగం మాట వస్తే యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే వైద్య చరిత్రలో తెలుగువారికి సంబంధించిన అధ్యాయం ఇంకొకటి ఉంది. అందులో పెద్ద పేర్లు తక్కువ. చాలావరకు ఊరూ పేరూ ఎక్కడా నమోదు కాని పల్లె ఆడవాళ్లు, చేపలవేటకు వెళ్లేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, కూలినాలి చేసుకునేవాళ్లు. వాళ్ల నోళ్లలో కనిపించిన మచ్చలను, పుళ్లను ఓపికగా చూసి రాసుకున్నవాళ్ల వల్ల పొగాకుకూ నోటి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం ప్రపంచానికి తేటతెల్లమయింది. ఆ కథ మన పిల్లలకే కాదు, మనలో చాలామందికి కూడా తెలియదు. అందుకే ఈ వ్యాసం.

నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. దంతవైద్యం చదువుకుని అమెరికా వచ్చి, ఇక్కడ నోటి జబ్బుల విభాగంలో పాతికేళ్లకు పైగా పనిచేశాను. ఇక్కడ చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకంలో అంగిలి జబ్బుల అధ్యాయం తెరిస్తే అందులో ఆంధ్రప్రదేశ్ పేరు కనిపించింది. పక్కన కూర్చున్న అమెరికన్ విద్యార్థులకు అది ఒక వింత దేశపు వింత అలవాటు. నాకు మాత్రం అది మా వీధి అరుగు. అప్పటి నుంచి ఈ విషయం మీద వచ్చిన పరిశోధన పత్రాలు దొరికినవన్నీ చదువుతూ వచ్చాను.

అడ్డపొగ అంటే ఏమిటి?

కోనసీమ వైపు, గుంటూరు వైపు, తెలంగాణ వైపు వాళ్లకు చుట్ట తెలుసు గాని అడ్డపొగ తెలియకపోవచ్చు. పొగాకు ఆకును చేత్తో చుట్టి, నిప్పు అంటించి, రెండు మూడు దమ్ములు లాగి బాగా రాజుకున్నాక చుట్టను తిప్పి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసి కాల్చడమే అడ్డపొగ. పెదవుల బయట చల్లటి కొస ఉంటుంది, లోపల నిప్పు ఉంటుంది. గాలి ఆ చల్లటి కొస నుంచి లోపలికి వెళుతుంది. బూడిదను అప్పుడప్పుడు ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు. నిప్పు నాలుకకు తగలకుండా, చుట్ట ఆరిపోకుండా కాల్చడం అలవాటైన వాళ్లకే చేతనవుతుంది.

విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో, ముఖ్యంగా సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఈ అలవాటు ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. ఎందుకు అలా కాలుస్తారంటే రకరకాల కారణాలు చెబుతారు. పడవ మీద, చాకిరేవులో, వరినాట్లలో చేతులు తడిగా ఉంటాయి, గాలి వీస్తూ ఉంటుంది. నిప్పు నోట్లో ఉంటే ఆరదు. చంకలో పిల్ల ఉన్నా, తాటాకు ఇంట్లో ఉన్నా నిప్పురవ్వ పడుతుందన్న భయం లేదు. ఉమ్మితో తడిసి నిదానంగా కాలుతుంది కనుక ఒక్క చుట్ట ఎక్కువసేపు వస్తుంది. మా మామ్మను చిన్నప్పుడు అడిగితే, "గాలికి ఆరిపోతాది గదరా నాయినా, లోపలెట్టుకుంటే నా నిప్పు నాకాడే ఉంటాది" అని నవ్వేది. ఆ నవ్వులో అంగిలి ఎలా ఉందో చూడాలని ఇంట్లో ఎవరికీ తోచేది కాదు. పళ్లు గార పట్టినట్టే అంగిలి తెల్లబారడం కూడా వయసుతో వచ్చేదే అనుకునేవారు.

పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ల ద్వారా మన దేశానికి వచ్చింది. వచ్చిన కొన్ని తరాలకే మనదైపోయింది. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకు ప్రసిద్ధి. కన్యాశుల్కంలో గిరీశం పొగ తాగడాన్ని మెచ్చుకుంటూ చెప్పే పద్యం వినని తెలుగువాడు అరుదు. ఆ నాటకం పుట్టిన విజయనగరం చుట్టుపక్కలే అడ్డపొగ కూడా ఇంటింటి అలవాటు కావడం విశేషం.

విశాఖలో మొదటి గుర్తింపు

1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల మొదలైంది. తర్వాత అదే ఆంధ్రా మెడికల్ కాలేజీ అయింది. దాని పక్కనే కింగ్ జార్జి ఆసుపత్రి. ఉత్తరాంధ్ర జనానికి అప్పుడూ ఇప్పుడూ అది "కె.జి.హెచ్." ఎక్కడ ఏ పెద్ద జబ్బు చేసినా బండి కట్టుకుని అక్కడికే వచ్చేవారు. ఆ వచ్చిన నోటి క్యాన్సర్ రోగుల్లో వైద్యులకు ఒక తేడా కనిపించింది. పడమటి దేశాల పుస్తకాల్లో నోటి క్యాన్సర్ అంటే నాలుక, పెదవి. తిరువాన్కూరులో తాంబూలం నమిలేవాళ్లకు బుగ్గ లోపల వచ్చేదని డాక్టర్ ఓర్ 1933లో లాన్సెట్ పత్రికలో రాశారు. విశాఖలో మాత్రం గట్టి అంగిలి మీద, అంటే నోటి పైకప్పు మీద క్యాన్సర్ పుండ్లు వరసగా కనిపించసాగాయి. ప్రపంచంలో మిగతా చోట్ల అక్కడ క్యాన్సర్ రావడం చాలా అరుదు.

డాక్టర్ ఎం. జి. కిణి, డాక్టర్ కె. వి. సుబ్బారావు 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఈ విషయం రాశారు. నిప్పు లోపల పెట్టుకుని చుట్ట కాల్చడానికీ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యలోకం ముందుంచింది ఆ పత్రమే. ఆ సంవత్సరాన్ని ఒకసారి గుర్తుపెట్టుకోండి. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఇంగ్లండులో డాల్, హిల్, అమెరికాలో విండర్, గ్రాహం పెద్ద ఎత్తున చూపించింది 1950లో. అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది 1964లో. వాటికి ముందే బంగాళాఖాతం ఒడ్డున ఒక చిన్న వైద్య కళాశాలలో, రోగిని "ఏం కాలుస్తావు, ఎలా కాలుస్తావు?" అని అడిగి జవాబు రాసుకున్నవాళ్లు ఉన్నారు.

1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలోని ప్రసిద్ధ పాథాలజిస్టు డాక్టర్ వి. ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి మన దేశంలో అలవాట్ల వల్ల వచ్చే మూడు కొత్త రకాల క్యాన్సర్ల గురించి అమెరికన్ పత్రికలో రాశారు. చుట్ట వల్ల వచ్చే అంగిలి క్యాన్సర్ అందులో ఒకటి. క్యాన్సర్ అనేది తలరాత కాదని, మనిషి ఏం చేస్తాడన్న దాన్నిబట్టి శరీరంలో ఏ చోట వస్తుందో కూడా మారుతుందని ఆయన వాదన. దానికి మన ప్రాంతం కంటే మంచి ఉదాహరణ దొరకదు. నిప్పు ఎక్కడ పెడితే జబ్బు అక్కడే వచ్చింది.

ఆ తర్వాత ఆంధ్రా మెడికల్ కాలేజీ పాథాలజీ విభాగం ఈ పనిని వదలలేదు. డాక్టర్ డి. గోవిందరెడ్డి, డాక్టర్ వి. కె. రావు 1957లో కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్ మీద పత్రం ప్రచురించారు. అయితే ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. జబ్బు తెస్తున్నది పొగాకు మసా, నిప్పు వేడా, లేక రెండూ కలిసా? గోవిందరెడ్డి గారు మరో ఇద్దరు సహచరులతో కలిసి పొగాకు తారును, వేడిని ప్రయోగశాల జంతువుల మీద పరీక్షించి ఫలితాలను 1960లో "క్యాన్సర్" అనే అమెరికన్ పత్రికలో ప్రచురించారు. ఈనాడు మన పిల్లలు ఏ పత్రికలో పేరు పడితే కుటుంబమంతా సంబరపడుతుందో అలాంటి పత్రిక అది. తర్వాతి తరంలో డాక్టర్ సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి, ఆయన బృందం అడ్డపొగ కాల్చేవారి అంగిలిలో వచ్చే మార్పులను సూక్ష్మదర్శిని కింద వివరంగా చూసి 1970ల మొదట్లో వరసగా పత్రాలు రాశారు. మామూలుగా చుట్ట, పైపు తాగేవారి అంగిలి తెల్లబారితే అది సాధారణంగా క్యాన్సర్‌గా మారదు. అడ్డపొగ వాళ్లలో అదే మార్పును తేలిగ్గా తీసుకోకూడదని ఈ పనివల్ల తెలిసింది.

అమెరికా గోధుమలు, డెన్మార్క్ వైద్యుడు

ఆసుపత్రికి వచ్చిన రోగులను చూసి చెప్పే మాటకు ఒక పరిమితి ఉంది. ఆసుపత్రికి రానివాళ్ల సంగతి తెలియదు. అలవాటు ఉండి కూడా జబ్బు రానివాళ్లు ఎంతమందో తెలియదు. ఆ లెక్క తేలాలంటే ఊళ్లలోకి వెళ్లి, ఇంటింటి గడప తొక్కి, అందరి నోళ్లూ చూడాలి. ఆ పనికి పూనుకున్నది బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్. భౌతికశాస్త్రానికి పేరుపొందిన ఆ సంస్థలో దంత పరిశోధన విభాగం కూడా ఉండేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. దానిని నడిపినవారు డాక్టర్ ఫాలీ ఎస్. మెహతా. లెక్కల బాధ్యత ప్రకాశ్ సి. గుప్తాది. డాక్టర్ డి. కె. దఫ్తరీ వంటి దంతవైద్యులు బృందంలో ఉన్నారు. వీరితో చేయి కలిపినవారు కోపెన్‌హాగెన్ రాయల్ డెంటల్ కాలేజీ ప్రొఫెసర్ జెన్స్ జె. పిండ్‌బోర్గ్. నోటి జబ్బుల శాస్త్రంలో ఇరవయ్యో శతాబ్దపు అగ్రగణ్యుల్లో ఆయన ఒకరు. 1921లో పుట్టి 1995లో కన్నుమూశారు.

డబ్బు ఎక్కడిది? ఇక్కడే మనకు, అమెరికాలో ఉన్న తెలుగువారికి, ఆసక్తి కలిగించే విషయం ఉంది. 1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద మన దేశానికి గోధుమలు వచ్చేవి. రేషన్ షాపు ముందు క్యూలో నిలబడి ఆ గోధుమలు తెచ్చుకున్న జ్ఞాపకం మనలో పెద్దవాళ్లకు ఉంటుంది. వాటి వెల మన ప్రభుత్వం రూపాయల్లో కట్టేది. ఆ రూపాయలు భారతదేశంలోనే ఖర్చు కావాలి. వాటిలో కొంత పుస్తకాల కొనుగోలుకు వెళ్లింది. ఈనాడు అమెరికన్ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాల్లో పాత తెలుగు పుస్తకాలు కనిపించడానికి అది ఒక కారణం. కొంత వైద్య పరిశోధనకు వెళ్లింది. మెహతా, పిండ్‌బోర్గ్ బృందం సర్వేకు సహాయం అందింది ఆ ఖాతా నుంచే. అమెరికా నుంచి ఎప్పుడో వచ్చిన పొగాకు చేసిన కీడును లెక్క కట్టడానికి అమెరికా గోధుమల డబ్బు పనికొచ్చింది.

ఇంటింటికీ టార్చిలైటు

1960ల రెండో సగంలో దేశంలోని ఐదు జిల్లాల్లో ఈ సర్వే జరిగింది. గుజరాత్‌లో భావనగర్, కేరళలో ఎర్నాకుళం, బీహారులో దర్భంగా, అప్పటికి బీహారులోనే ఉన్న సింగ్‌భూం, మన శ్రీకాకుళం. అన్నీ కలిపి 50,915 మంది నోళ్లు చూశారు. శ్రీకాకుళం జిల్లా అంటే ఇప్పటి చిన్న జిల్లా కాదు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడక ముందు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు కూడా అందులోనే ఉండేవి. ఆ సంవత్సరాల్లోనే జిల్లా ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనోద్యమం రాజుకుంది. శ్రీకాకుళం పేరు అప్పటి పత్రికల్లో ఆ వార్తలతోనే వినిపించేది. అదే కాలంలో, అదే జిల్లాలో, దంతవైద్యులు అద్దం, దీపం పట్టుకుని ఊరూరూ తిరిగారన్న సంగతి మాత్రం వార్తల్లోకి ఎక్కలేదు.

పని ఎలా జరిగి ఉంటుందో మన పల్లెలు తెలిసినవాళ్లు ఊహించుకోవచ్చు. ఎవరో బొంబాయి వాళ్లు వచ్చి నోరు తెరవమంటే ఏ ముసలమ్మ తెరుస్తుంది? పళ్లు పీకుతారేమోనని భయం, మందు పోస్తారేమోనని అనుమానం. అయినా తెరిచారు. ఏం కాలుస్తారు, ఎన్ని కాలుస్తారు, నిప్పు లోపలా బయటా అని అడిగి రాసుకున్నారు. అనుమానం ఉన్న చోట ముక్క తీసి పరీక్షకు పంపారు.

శ్రీకాకుళం ఫలితాలు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చాయి. చూసినవారు 10,169 మంది. వారిలో 43.8 శాతం మంది అడ్డపొగ కాల్చేవారే. అంటే సుమారు ప్రతి ఐదుగురిలో ఇద్దరికి పైగా. అంగిలిలో వచ్చే మార్పులను పరిశోధకులు తర్వాతి పత్రాల్లో విడివిడిగా వర్ణించారు. తెల్లగా మందమెక్కడం, చిన్న చిన్న బుడిపెలు, మచ్చలు, ఎర్రబారిన చోట్లు, పుళ్లు, కొన్ని చోట్ల సహజమైన నల్లరంగు పోయి పాలిపోవడం. ఒకే అంగిలిలో ఇవి రెండు మూడు కలిసి ఉండవచ్చు. వీటన్నిటిలో ఎర్రబారిన చోటును ఎక్కువ అనుమానంగా చూడాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. మొదట్లో నొప్పి ఉండదు కనుకనే ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

ప్రపంచంలో అడ్డపొగ మనకొక్కరికే ఉన్న అలవాటు కాదు. కరీబియన్ దీవుల్లో, పనామా, కొలంబియా, వెనిజులాల్లో, ఇటలీలోని సార్డీనియా దీవిలో, ఫిలిప్పీన్స్‌లో కూడా ఉన్నట్టు రాశారు. 1960ల్లో అమెరికన్ పరిశోధకులు అలా కాల్చేటప్పుడు నోటిలో వేడి ఎంతో కొలిచారు. 120 డిగ్రీల సెల్సియస్ దాకా నమోదయింది. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కాని ఇంతమందిని, ఇంత కాలం, ఒకేచోట వెంటాడి చూసిన పరిశోధన మన శ్రీకాకుళంలోనే జరిగింది.

చూడటం నుంచి మాన్పించడం దాకా

ఒక్కసారి చూసి వచ్చేస్తే మచ్చకూ క్యాన్సర్‌కూ మధ్య ఏం జరుగుతుందో తెలియదు. అందుకని ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 30,000 మందిని పదేళ్లపాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. 1980లో ఆ ఫలితాలు వచ్చాయి. రెండు విషయాలు తేలాయి. ఒకటి, కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చినవారు దాదాపు అందరూ పొగాకు వాడేవాళ్లే. రెండు, క్యాన్సర్ ఉన్నట్టుండి ఊడిపడలేదు. దానికి ముందు చాలావరకు అదే నోటిలో కంటికి కనిపించే మచ్చో, మార్పో ఉంది. ఈ రెండో మాట చాలా ముఖ్యమైనది. కడుపులో, ఊపిరితిత్తుల్లో పుట్టే జబ్బును చూడాలంటే యంత్రాలు కావాలి. నోటిలో పుట్టేదాన్ని చూడటానికి వెలుతురు చాలు.

1984లో గుప్తా, మెహతా, ఇరానీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరో సంగతి చెప్పారు. అడ్డపొగ కాల్చేవారిలో మొత్తం మరణాలే, అంటే ఏ కారణం వల్లనైనా సరే, పొగాకు ముట్టనివారి కంటే ఎక్కువగా ఉన్నాయి. అంటే నష్టం అంగిలితో ఆగలేదు.

తర్వాత అసలు ప్రశ్నకు వచ్చారు. చెబితే మానేస్తారా? మానేస్తే మచ్చలు తగ్గుతాయా? 1970ల చివర అవే మూడు జిల్లాల్లో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఏటా వెళ్లి నోరు చూసి, ఎదురుగా కూర్చుని మాట్లాడి, సినిమాలు, పోస్టర్లు, రేడియో ద్వారా ప్రచారం చేశారు. పోల్చి చూడటానికి ముందు పదేళ్లలో అవే జిల్లాల్లో సేకరించిన లెక్కలను తీసుకున్నారు. కనుక సలహా అందకుండా ఏ ఊరినీ పక్కన పెట్టవలసిన అవసరం రాలేదు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో, పదేళ్ల ఫలితాలు 1992లో మరో పత్రికలో వచ్చాయి. మానేసినవారు, తగ్గించినవారు మునుపటికంటే పెరిగారు. నోటిలో కొత్తగా మచ్చలు రావడం తగ్గింది.

ఈ రోజు ఈ మాట మనకు సాదాసీదాగా వినిపించవచ్చు. అప్పట్లో పెద్ద పెద్ద నిపుణులే "చదువురాని పల్లెజనం చెబితే వింటారా?" అనేవారు. ఆ సందేహానికి జవాబు చెప్పినవాళ్లు ఆ పల్లెజనమే. పుస్తకం చదవలేని ముసలమ్మకు ఆమె అంగిలినే అద్దంలో చూపించి, ఇది తగ్గుతుంది, నువ్వు మానితే చాలు అంటే అర్థం కాకపోవడానికి ఏముంది? నోటి క్యాన్సర్‌ను రాకముందే ఆపవచ్చని ఇంత పెద్ద ఎత్తున చూపించిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. అందుకే ప్రపంచంలో ఎక్కడ ఈ విషయం మీద మాట్లాడినా ఈ మూడు జిల్లాల పేర్లు వస్తాయి.

ఆ తర్వాత కూడా పని ఆగలేదు. విశాఖ క్యాన్సర్ వైద్యులు హాలండులోని లైడెన్ పరిశోధకులతో కలిసి ఉత్తరాంధ్ర పల్లెల్లో మళ్లీ అడ్డపొగ మీద అధ్యయనం చేసి 1993లో ప్రచురించారు. 1996లో తిరువనంతపురం జిల్లాలో మొదలైన మరో పెద్ద పరీక్షలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు చూస్తే చాలు, పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. శ్రీకాకుళంలో వేసిన బాట అక్కడిదాకా వెళ్లింది.

ఇప్పటి పరిస్థితి

అడ్డపొగ ఇప్పుడు బాగా తగ్గింది. కొత్త తరం ఆడపిల్లలు దాని జోలికి పోవడం లేదు. అయినా సముద్రపు ఒడ్డు ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది. మరోపక్క దాని స్థానంలోకి గుట్కా, ఖైనీ, పాన్ మసాలా పొట్లాలు వచ్చాయి. 2012 నుంచి రాష్ట్రాలు ఒకదాని వెనుక ఒకటిగా గుట్కాను నిషేధించాయి గాని పొట్లం దొరకని ఊరు లేదు. అంగిలి నుంచి జబ్బు బుగ్గకు, చిగురుకు మారింది, అంతే. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 1,40,000 మందికి పైగా కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారు. మగవారికి వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటి స్థానం. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో చెప్పింది. అమెరికాలో మన భారతీయ దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన వేలాడే తియ్యటి వక్కపొడి పొట్లాలకూ ఈ మాట వర్తిస్తుంది.

ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు చుట్టా తెలియదు, గుట్కా తెలియదు. కాని తల, మెడ భాగపు క్యాన్సర్ వాళ్లకు సంబంధం లేని విషయం కాదు. హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల గొంతు వెనుక భాగంలో, టాన్సిల్స్ దగ్గర క్యాన్సర్ వస్తుందని 2000లో డాక్టర్ మౌరా గిలిసన్ బృందం జాన్స్ హాప్కిన్స్ నుంచి గట్టి ఆధారాలతో చూపించింది. అమెరికాలో హెచ్.పి.వి. వల్ల వచ్చే క్యాన్సర్లలో ఇప్పుడు ఇదే అన్నిటికన్నా ఎక్కువ, అదీ మగవారిలోనే ఎక్కువ. దీనికి టీకా ఉంది. 11, 12 ఏళ్ల వయసులో ఆడపిల్లలకే కాక మగపిల్లలకూ వేయిస్తారు. "మన పిల్లలకు అవసరం ఏముంది?" అని వెనకాడే తల్లిదండ్రులను మన సమాజంలో చూస్తున్నాను. "మా ఇళ్లలో అలాంటి జబ్బులు రావు" అని ఒకప్పుడు మన ఊళ్లలోనూ అనేవారు.

మనం చేయగలిగింది

ఉత్తరాంధ్రకు ఈ రోజు విశాఖలో కె.జి.హెచ్. ఒక్కటే కాదు. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అగనంపూడిలో ఉంది. వైద్యం దగ్గరికి వచ్చింది. దూరంగా ఉన్నది ముందుగా చూసుకోవడమే. మన సంఘాలు స్వగ్రామాల్లో వైద్య శిబిరాలు పెడుతూనే ఉన్నాయి. రక్తపోటు చూస్తారు, చక్కెర చూస్తారు, కళ్లజోళ్లు ఇస్తారు. ఆ వరసలో ఒక కుర్చీ, ఒక టార్చిలైటు, శిక్షణ ఉన్న ఒక మనిషిని కలపండి. వచ్చిన ప్రతి ఒక్కరినీ నోరు తెరవమని అడగండి. కట్టుడు పళ్లు ఉంటే తీయించి అంగిలి, బుగ్గలు, నాలుక కింద చూడమనండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ, మింగేటప్పుడు ఇబ్బంది, మెడలో తగ్గని గడ్డ ఉంటే విశాఖకో, హైదరాబాదుకో పంపండి. ఖర్చు చాలా తక్కువ. ఫలితం ఉంటుందనడానికి ఆధారం మన జిల్లాల నుంచే ఉంది.

ఇంకొక మాట. కిణి, సుబ్బారావు, గోవిందరెడ్డి, సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి వంటి వైద్యుల పేర్లు ఆంధ్రా మెడికల్ కాలేజీ పూర్వవిద్యార్థులకే తెలుసు. మెహతా, గుప్తా, పిండ్‌బోర్గ్ పేర్లు నోటి జబ్బుల వైద్యులకే తెలుసు. ఇక నోరు తెరిచి చూపించిన ఆ 10,169 మంది పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ల మనవలు, మునిమనవలు కొందరు ఈ మహాసభల ప్రాంగణంలో తిరుగుతూనే ఉంటారు. తెలుగువారు ప్రపంచానికి ఏమిచ్చారని మన పిల్లలు అడిగినప్పుడు రాజుల పేర్లతో, కవుల పేర్లతో పాటు ఈ సంగతి కూడా చెప్పండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో చుట్టో, గుట్కానో అలవాటున్న పెద్దవాళ్లు ఉంటే పక్కన కూర్చుని, కసరకుండా, ఒక్కసారి నోరు తెరవమని అడిగి చూడండి.